పడుచు పాట, ముసలి గొంతు

రెండేళ్ళ క్రితం ఒక మిత్రుడితో కలిసి బాబ్ డిలన్ కాన్సర్ట్‌కి వెళ్ళాను. ఇద్దరం ఒకే హాస్టల్లో ఉండి చదువుకున్నవాళ్ళం. సీనియర్ల దగ్గర అరువు తెచ్చుకున్న కేసెట్ల నుంచి కాపీ చేసుకుని, టూ-ఇన్-వన్‌లో టేపు చిక్కుకుంటే పెన్సిలు పెట్టి తిప్పి సరిచేసుకుంటూ డిలన్‌ని విన్నాం. సగం మాటలు అర్థమయేవి కావు. అర్థం కానిచోట మాకు తోచిన మాటలు మేమే పెట్టుకునేవాళ్ళం. ముప్పై ఏళ్ళు గడిచి, జుట్టు నెరిసి, అమెరికాలో చెరో ఊళ్ళో స్థిరపడ్డాక, ఆ మనిషిని కళ్ళెదురుగా చూడబోతున్నామని సంబరంగా బయల్దేరాం.

లోపలికి వెళ్ళేటప్పుడే ఫోన్లు ఒక చిన్న సంచిలో పెట్టించి, దానికి తాళం వేసి మన చేతికే ఇచ్చారు. స్టేజి మీద దీపాలు గుడ్డిగా వెలుగుతున్నాయి. ఎనభై రెండేళ్ళ డిలన్ పియానో వెనక చేరాడు. మా సీట్లలోంచి తల పైభాగం మాత్రమే కనబడింది. గిటారు భుజాన వేసుకోలేదు. జనాన్ని పలకరించలేదు. 2020లో వచ్చిన ‘రఫ్ అండ్ రౌడీ వేస్’ ఆల్బమ్‌లో పాటలు దాదాపు అన్నీ పాడాడు. నడుమ నడుమ పాతవి వచ్చాయి గానీ, అవి ఫలానా పాటలని పోల్చుకోడానికే ఒకటి రెండు చరణాలు పట్టింది.

సగం అయేసరికి మావాడు నా చెవిలో గొణగడం మొదలెట్టాడు. ‘ఏంట్రా ఇది? ఒక్క పాటైనా పాటలాగా పాడడా? ఓపిక లేనివాడు హాయిగా ఇంట్లో కూర్చోవచ్చు కదా, మన దగ్గర డబ్బులు గుంజడం ఎందుకు?’ ఆఖరి పాట దాకా కూడా ఆగకుండా లేచి వెళ్ళిపోయాడు. తిరిగొచ్చేటప్పుడు కారులో రెండు గంటలు ఇదే వాదన. వయసుడిగిన రాక్ గాయకులు స్టేజి దిగిపోవాలా, వద్దా? ఆ రాత్రి నేను సరిగ్గా చెప్పలేకపోయిన జవాబు ఇప్పుడు చెప్పడానికి ప్రయత్నిస్తాను.

ముందు మావాడి పక్షాన మాట్లాడాలి. అది తేలిగ్గా కొట్టిపారేసే వాదన కాదు. రాక్ సంగీతం కుర్రకారు పేరు మీదే పుట్టింది. ఇంట్లో పెద్దవాళ్ళకి నచ్చకపోవడం దానికి ఒక గుణం. 1965లో ‘ది హూ’ బృందం పాడిన ‘మై జెనరేషన్’ ముసలితనాన్ని నేరుగా వెక్కిరించిన పాట. ఆ పాట రాసిన పీట్ టౌన్‌షెండ్, పాడిన రోజర్ డాల్ట్రీ ఇద్దరూ ఎనభైల్లోకి వచ్చేదాకా దాన్ని పాడుతూనే ఉన్నారు. ‘జెఫర్సన్ ఎయిర్‌ప్లేన్’ గాయని గ్రేస్ స్లిక్ ఈ ఇబ్బందిని ముందే పసిగట్టింది. 1989లో పాత బృందంతో ఒక్కసారి కలిసి పాడాక, యాభై ఏళ్ళ వయసులో, దాదాపుగా స్టేజి మానేసి బొమ్మలు వేసుకుంటూ ఉండిపోయింది. ముసలి రాకర్లు స్టేజి మీద ఎబ్బెట్టుగా ఉంటారని ఆమె దాపరికం లేకుండానే చెబుతూ వచ్చింది.

ఇక రోలింగ్ స్టోన్స్ సంగతి. 1962లో మొదటి కచేరీ చేసిన ఈ బృందం 2024లో అమెరికా అంతా తిరిగింది. ఆ టూర్‌కి స్పాన్సర్ ఎవరనుకున్నారు? ఎ.ఎ.ఆర్.పి. అంటే యాభై దాటినవాళ్ళ కోసం అమెరికాలో పనిచేసే సంస్థ! మిక్ జాగర్‌కి అప్పుడు ఎనభై. 2019లో గుండె కవాటానికి చికిత్స జరిగింది. అయినా స్టేజి ఆ చివర నుంచి ఈ చివరికి పరిగెడుతూనే ఉన్నాడు. చూస్తే ముచ్చటేస్తుంది. కాని అది తాతగారు సైకిలు తొక్కుతుంటే వేసే ముచ్చట. పాట ఎలా పాడాడన్నది పక్కకి పోయి, ఈ వయసులో ఎలా పరిగెడుతున్నాడన్నదే ఇంటికొచ్చాక మాట్లాడుకునే విషయం అవుతుంది. ఒక కళాకారుడికి ఇది గౌరవమేనా అని అడిగితే, మావాడి ప్రశ్నలో బలం ఉంది.

కాని రాక్ ఎవరి దగ్గర నేర్చుకుందో చూస్తే కథ మారిపోతుంది. రోలింగ్ స్టోన్స్ తమ పేరు పెట్టుకున్నది మడ్డీ వాటర్స్ 1950లో పాడిన బ్లూస్ పాటని బట్టి. 1981 నవంబరులో వాళ్ళు షికాగోలో ‘చెకర్‌బోర్డ్ లౌంజ్’ అనే చిన్న క్లబ్బుకి వెళ్ళి మడ్డీ వాటర్స్ పక్కన నిలబడి పాడారు. జాగర్‌కి ముప్పై ఎనిమిది, మడ్డీకి అరవై ఎనిమిది. వీడియో ఉంది, చూడండి. పెద్దాయన గొంతు పెద్దగా పెంచడు, అటూ ఇటూ తిరగడు. స్టేజి మాత్రం ఆయనదే. మిసిసిపీ జాన్ హర్ట్ 1928లో కొన్ని రికార్డులిచ్చి, అవి అమ్ముడుపోక ఊళ్ళో వ్యవసాయప్పనులు చేసుకుంటూ బతికాడు. ముప్పై అయిదేళ్ళ తర్వాత, 1963లో ఎవరో వెతుక్కుంటూ వచ్చి పట్టుకుంటే, డెబ్భయ్యో ఏట న్యూపోర్ట్ ఫోక్ ఫెస్టివల్లో పాడాడు. కాలేజీ పిల్లలు నోరు తెరుచుకుని విన్నారు. ఇంత వయసొచ్చాక ఇంకా ఎందుకయ్యా అని అడగాలని అక్కడ ఎవరికీ తోచి ఉండదు.

మరి బ్లూస్‌లో అడగని ప్రశ్న రాక్‌లో ఎందుకు అడుగుతున్నాం? నాకు తోచిన కారణం రికార్డు. మన సంగీతంతో పోలిస్తే ఇది తేలిగ్గా అర్థమవుతుంది. కర్ణాటక సంగీతంలో గాయకుడు తన గొంతుకి తగ్గ శ్రుతి తనే ఎంచుకుంటాడు. వయసు మీద పడితే శ్రుతి దించుకుంటాడు, తారస్థాయిలో ఎక్కువసేపు నిలవడం తగ్గించుకుంటాడు. దాన్ని మనం తప్పుగా లెక్కపెట్టం. త్యాగరాజ కృతికి ‘ఒరిజినల్ రికార్డు’ లేదు కాబట్టి దేనితో పోల్చి తప్పుపడతాం? అదే మనం సినిమాపాట దగ్గరికి వచ్చేసరికి కొలత మారిపోతుంది. స్టేజి మీద పాడినవాళ్ళకి మనమిచ్చే పెద్ద మెప్పు ‘అచ్చం రికార్డులో ఉన్నట్టే పాడారండీ’ అన్నది. ఆ కొలతతో ఏ గొంతు ఎన్నేళ్ళు నెగ్గుతుంది? ఎస్. జానకి 2016లో ఇక పాడనని ప్రకటించారంటే ఆశ్చర్యం ఏముంది?

రాక్ పరిస్థితి అచ్చంగా మన సినిమాపాట పరిస్థితే. పాట అంటే ఫలానా సంవత్సరం ఫలానా స్టూడియోలో ఇరవై అయిదేళ్ళ కుర్రాడు పాడిన ఆ మూడు నాలుగు నిమిషాలే. ఆ కుర్రాడు ఇప్పుడు లేడు. ఆ పేరుతో ఒక ఎనభై ఏళ్ళ పెద్దమనిషి ఉన్నాడు. మనం టికెట్ కొని ఆ కుర్రాణ్ణి తెచ్చివ్వమని ఈ పెద్దమనిషిని అడుగుతున్నాం. ఇవ్వలేకపోతే దిగిపొమ్మంటున్నాం. 

ఈ డిమాండుకి గాయకులు రెండు రకాలుగా స్పందించారు. ఒకటి, ఆ కుర్రాడిలా నటించడం. పైస్వరాలు అందని చోట కోరస్ పాడేవాళ్ళ గొంతు పెంచడం, మైకు జనం వైపు తిప్పి ‘మీరే పాడండి’ అనడం, ముందే రికార్డు చేసిన ట్రాకు వెనక నడిపించడం. ఇవన్నీ మన స్టేజి షోలలోనూ చూసినవే. రెండోది, పాటనే తమ ఇప్పటి వయసుకి తెచ్చుకోవడం.

రెండో దారికి నాకు నచ్చే ఉదాహరణ రాబర్ట్ ప్లాంట్. లెడ్ జెప్లిన్‌లో ఆయన గొంతు ఒక కేకలా ఆకాశానికి లేచేది. డ్రమ్మర్ జాన్ బోనమ్ చనిపోవడంతో 1980లో ఆ బృందం ముగిసింది. 2007 డిసెంబరులో లండన్‌లో ఒక్క రాత్రి కోసం, బోనమ్ కొడుకు జేసన్ డ్రమ్స్ వాయించగా, మళ్ళీ కలిశారు. అందరూ మెచ్చుకున్నారు. ప్రపంచమంతా టూర్ చేస్తే ఎంత డబ్బు వచ్చేదో లెక్కలేదు. ప్లాంట్ ఒప్పుకోలేదు. అదే ఏడాది ఎలిసన్ క్రౌస్‌తో కలిసి ‘రైజింగ్ శాండ్’ అనే ఆల్బమ్ చేశాడు. దాన్నిండా మెల్లగా, దాదాపు గుసగుసలా సాగే పాటలు. 2009లో దానికి ఆ ఏటి ఉత్తమ ఆల్బమ్‌గా గ్రామీ వచ్చింది. పాడడం మానలేదు, పాత రాబర్ట్ ప్లాంట్‌లా ఉండడం మానేశాడు. 

లెనార్డ్ కోహెన్ కథ ఇంకా విచిత్రం. 1993 తర్వాత టూర్లు మానేసి, కాలిఫోర్నియాలో ఒక కొండ మీద జెన్ మఠంలో కొన్నేళ్ళు సన్యాసిగా గడిపాడు. తీరా చూసుకుంటే, తను దాచుకున్న డబ్బులో చాలా భాగం మాయమైందని 2004 ప్రాంతంలో తెలిసింది. వేరే దారి లేక 2008లో, డెబ్భై మూడేళ్ళ వయసులో, మళ్ళీ రోడ్డెక్కాడు. ‘డబ్బు కోసం పాడుతున్నారు’ అన్నది ముసలి గాయకుల మీద మనం వేసే మొదటి నింద కదా. ఇక్కడ అది నింద కాదు, నిజం. కాని ఆ డబ్బు కోసం చేసిన కచేరీలే ఆయన జీవితంలో అన్నిటికన్నా గొప్పవని చాలామంది అంటారు, నేనూ అంటాను. మూడు గంటల పైన పాడేవాడు. గొంతు ఎప్పుడో పాతాళానికి దిగిపోయింది. దానికి తగ్గట్టే వాద్యాలన్నీ తగ్గి, ఒదిగి మోగేవి. మోకాళ్ళ మీద కూర్చుని పాడేవాడు. పక్కవాళ్ళు వాయిస్తుంటే టోపీ తీసి గుండెకి ఆనించుకుని నిలబడేవాడు. 2013 దాకా అలా తిరిగాడు. డబ్బు కోసం పాడితే పాట చెడిపోతుందన్న నమ్మకాన్ని నేను కోహెన్ విన్నాకే వదులుకున్నాను.

జోనీ మిచెల్ ‘బోత్ సైడ్స్ నౌ’ రాసినప్పుడు ఆమెకి ఇరవై మూడో, ఇరవై నాలుగో. మబ్బుల్ని, ప్రేమని, బతుకుని వెనక్కి తిరిగి చూసుకుంటున్నట్టు సాగే పాట అది. ఆ వయసు పిల్లకి వెనక్కి చూసుకోడానికి ఏముంటుంది? 2015లో మెదడులో రక్తనాళం చిట్లి, ఆమె మాట, నడక మళ్ళీ మొదట్నుంచి నేర్చుకోవలసి వచ్చింది. 2022 జులైలో ఎవరికీ ముందు చెప్పకుండా న్యూపోర్ట్‌లో ప్రత్యక్షమైంది. ఒక పెద్ద కుర్చీలో కూర్చుని, చుట్టూ తన కన్నా చిన్నవాళ్ళు ఆసరాగా పాడుతుండగా, ఆ పాటే పాడింది. పడుచుప్పుడు పిట్టలా ఎగిరిన గొంతు ఇప్పుడు బరువుగా, కింది స్థాయిలో, ఒక్కో మాట దగ్గర ఆగి ఆగి వస్తుంది. విన్నాక నాకు 1969 నాటి రికార్డు అందమైన ఊహలాగా, ఇది వాంగ్మూలంలాగా అనిపించింది. డెబ్భై ఎనిమిదేళ్ళకి ఆ పాట వయసూ పాడే మనిషి వయసూ ఒకటయ్యాయి. ఆమెని ‘ఇక చాల్లే తల్లీ’ అని ఆపి ఉంటే మనం పోగొట్టుకునేది ఎంతో!

సరే, అన్ని పాటలూ ఇలా ముసలితనంలోకి రావు. శ్రుతి దించుకోడానికి గొంతుకి వీలుంది, డ్రమ్స్ వాయించే చేతికి ఆ వెసులుబాటు లేదు. ‘రష్’ బృందంలో నీల్ పియర్ట్ వాయించిన తీరు, ఆ వేగం, ఆ కచ్చితత్వం, అదే ఆ పాట. భుజాల్లో కీళ్ళనొప్పులు, చేతుల్లో నరాల పోట్లు మొదలయ్యాక, తన ప్రమాణానికి తగ్గి వాయించడం ఇష్టంలేక 2015 ఆగస్టు 1న లాస్ ఏంజెలెస్‌లో ఆఖరి కచేరీ చేసి ఆపేశాడు. అంతకు ముందెప్పుడూ చేయని పని ఒకటి ఆ రాత్రి చేశాడు: డ్రమ్స్ వెనక నుంచి స్టేజి ముందుకు నడిచి వచ్చి తోటివాళ్ళని కౌగిలించుకున్నాడు. అప్పటికి అరవై రెండేళ్ళే. 2020 జనవరిలో పోయాడు. నా లెక్కలో అది గొప్ప నిర్ణయం. కాని ఫిల్ కాలిన్స్ ఇంకో రకం. వెన్నులో నరాలు దెబ్బతిని డ్రమ్ కర్ర పట్టుకోలేని స్థితిలో, కుర్చీలో కూర్చుని పాడుతూ, వెనక డ్రమ్స్ మీద కొడుకు నిక్‌ని కూర్చోబెట్టి, 2022 మార్చిలో ‘జెనెసిస్’ ఆఖరి కచేరీ లండన్‌లో ముగించాడు. చూసి జాలిపడ్డవాళ్ళు చాలామందే ఉన్నారు. నాకు మాత్రం దాపరికం లేని ఆ కుర్చీ నచ్చింది. ఒకరు ఆపేశారు, ఒకరు కూర్చున్నారు. ఇద్దరూ తమ ఒంటి సంగతి తమకి తెలిసి, దాని గురించి అబద్ధం చెప్పకుండా తీసుకున్న నిర్ణయాలవి.

అసలు చిక్కు, ఆ సంగతి తెలుసుకునే శక్తే పోయినప్పుడు. బి.బి. కింగ్ 1956లో ఒక్క ఏడాదిలోనే 342 కచేరీలు చేసిన మనిషి. కచేరీ లేని రోజంటే ఏమిటో ఆయనకి తెలియదనుకోవాలి. 2014 ఏప్రిల్‌లో సెంట్ లూయిస్‌లో, ఎనభై ఎనిమిదేళ్ళ వయసులో, పాట తక్కువా మాట ఎక్కువా అయిపోయి, చెప్పిందే చెబుతూ ఉండిపోతే, జనం అరిచారు, లేచి వెళ్ళిపోయారు. మధుమేహం మందు ఒక పూట తప్పిందని తర్వాత ఆయన తరఫువాళ్ళు క్షమాపణ చెప్పుకున్నారు. అయినా టూర్ సాగింది. ఆ అక్టోబరులో షికాగోలో స్టేజి మీదే ఒంట్లో బాగోలేకపోయాక గానీ ఆగలేదు. ఏడు నెలలకి కన్నుమూశాడు. ఇక్కడ నేను మావాడితో ఏకీభవిస్తాను. ఎవరో ఒకరు ఆపాల్సింది. కాని ఎవరు? ఒక పెద్ద కళాకారుడి వెనక వాద్యకారులు, డ్రైవర్లు, మేనేజర్లు, ఎన్నో ఇళ్ళు ఉంటాయి. ‘చాలు’ అన్న మాట చెప్పాల్సినవాళ్ళు చాలాసార్లు ఆయన పాడితేనే గడిచేవాళ్ళు. అలాంటప్పుడు హాల్లో కూర్చుని అరిచే జనం చేసేది విమర్శ కాదు, క్రూరత్వం.

అలాగని జ్ఞాపకం పోతే పాడకూడదనీ అనలేను. గ్లెన్ క్యాంబెల్ తనకి ఆల్జైమర్స్ వచ్చిందని 2011లో నలుగురికీ చెప్పి మరీ వీడ్కోలు టూర్ మొదలెట్టాడు. వాద్యబృందంలో ముగ్గురు పిల్లలు, ఎదురుగా పాట మాటలు చూపించే తెర. 2012 నవంబరు దాకా 151 కచేరీలు చేశాడు. పాట మాటలు మర్చిపోయిన మనిషి వేళ్ళు గిటారు మీద దారి తప్పకపోవడం ఆ డాక్యుమెంటరీలో చూడవచ్చు. ఏం జరగబోతోందో టికెట్ కొన్న ప్రతివాడికీ తెలుసు. మాట మర్చిపోతే అందించడానికే వచ్చారు. బి.బి. కింగ్ హాల్లో జనానికి తెలియనిదీ, క్యాంబెల్ హాల్లో జనానికి తెలిసిందీ ఒక్కటే: ఎదురుగా ఉన్న మనిషి ఇవాళ ఎవరు అన్నది.

నా జవాబు ఇక్కడ దొరికిందనుకుంటాను. వయసుని బట్టి దిగిపొమ్మనడం అర్థంలేని పని. ‘నేను ఇప్పుడు ఇదీ’ అని చెప్పి పాడేవాళ్ళు వందేళ్ళొచ్చినా పాడనీండి. ‘నేనింకా అదే’ అని అమ్ముతున్నవాళ్ళు నలభైకే ఆపేసినా నష్టం లేదు. అంత చేసి, ఎన్నటికీ ముసలివాళ్ళు కాని గాయకులే కావాలంటే ఇప్పుడు ఆ సరుకూ దొరుకుతోంది. 2022 నుంచి లండన్‌లో ‘ఆబా వోయేజ్’ నడుస్తోంది. 1979 నాటి ముఖాలతో, ఒంటితో, ఆ నలుగురి డిజిటల్ బొమ్మలు స్టేజి మీద పాడతాయి. ‘కిస్’ బృందం 2023 డిసెంబరులో ఆఖరి కచేరీ చేసిన రాత్రే ఇకమీదట తమ బదులు బొమ్మలు వస్తాయని ప్రకటించింది. బొమ్మకి దగ్గు రాదు, శ్రుతి దించదు. అచ్చం రికార్డులో ఉన్నట్టే పాడుతుంది. ఇక మనిషి దగ్గరికి ఎందుకు వెళ్ళాలంటే, బొమ్మ చేయలేనిది చూడ్డానికి. 2025 జులై 5న బర్మింగ్‌హమ్‌లో, తను పెరిగిన పేటలోని ఫుట్‌బాల్ మైదానంలో, ఓజీ ఓస్‌బోర్న్ సింహాసనం లాంటి కుర్చీలో కూర్చుని పాడాడు. పార్కిన్సన్స్ వల్ల లేచి నిలబడలేడు. లేవాలన్న ప్రయత్నం అందరికీ కనబడుతూనే ఉంది. పదిహేడు రోజుల తర్వాత చనిపోయాడు. ఆ లేవబోవడాన్ని ఏ బొమ్మ చేత చేయిస్తారు?

రోలింగ్ స్టోన్స్‌కి అన్యాయం చేయకూడదు కాబట్టి ఒక మాట. 2023లో వచ్చిన ‘హాక్నీ డైమండ్స్’ ఆల్బమ్‌లో ఆఖరి పాట, పైన చెప్పిన ఆ మడ్డీ వాటర్స్ పాటే. జాగర్, కీత్ రిచర్డ్స్ ఇద్దరే. ఒక గిటారు, ఒక హార్మోనికా, ఒక గొంతు. పరుగుల్లేవు. వాళ్ళ వయసుకి తగ్గ పాట ఎలా ఉంటుందో వాళ్ళకి బాగా తెలుసు. అది స్టేడియంలో అరవై వేలమందికి ఆనదు, అంతే. వాళ్ళని పరిగెత్తిస్తున్నది ఆ అరవై వేలమంది కూడాను. అందులో నేనూ ఉన్నాను, ఒకసారి.

ఇక డిలన్. ఈమధ్య ఫోన్లో మాట్లాడుతూ మావాడికి ఒక విషయం గుర్తు చేశాను. ఆ టూర్ పేరే కొత్త ఆల్బమ్ పేరు. పోస్టరు మీద పెద్ద అక్షరాలతో ఉంది. పాత పాటలు పాడతానని ఆయన ఎక్కడా చెప్పలేదు. పాడబోయేది ఏమిటో చెప్పే అమ్మాడు. మావాడు ఒక్క క్షణం ఆగి, ‘పోస్టరు ఎవడు చదువుతాడ్రా? పేరు చూసి కొన్నా’ అన్నాడు. నిజమే, నేనూ పేరు చూసే కొన్నాను. ఇద్దరం వెతుక్కుంటూ వెళ్ళింది డిలన్‌ని కాదేమో, ఆ హాస్టల్ గదిలో పెన్సిలుతో టేపు తిప్పుతున్న ఇద్దరు కుర్రాళ్ళనేమో. వాళ్ళని తెచ్చివ్వడం డిలన్ పని కాదు.

అన్నట్టు, మావాడు వినని ఆ ఆఖరి పాట పాతదే, 1981 నాటి ‘ఎవ్రీ గ్రెయిన్ ఆఫ్ శాండ్’. చివర్లో డిలన్ హార్మోనికా తీసి కాసేపు వాయించాడు. ఊపిరి మధ్యమధ్యలో తెగింది. హాలంతా నిశ్శబ్దం. దాన్ని మావాడికి ఫోన్లో వినిపిద్దామంటే, నా ఫోను అప్పుడు సంచిలో తాళం వేసి ఉంది.